కూలర్ రేకుకు రివెట్ నట్లు: ఐదు ఆదివారాల పని డైరీ

పని ఏమిటి

ఇంట్లో పాత ఇనప కూలర్ ఉంది. మూడు వైపులా గడ్డి తలుపులు, ఒక్కో తలుపుకు ఆరు చొప్పున 18 స్క్రూలు. అన్నీ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలే, అంటే రేకులో తామే మరలు కోసుకుంటూ దిగేవి. వేసవి మొదట్లో గడ్డి మార్చడానికి ఒకసారి, మధ్యలో పంపు ఆగినప్పుడల్లా మరోసారి ఆ తలుపులు విప్పాల్సిందే. స్క్రూ ఎక్కి దిగిన ప్రతిసారీ రేకు కాస్త కోసుకుపోతుంది. నిరుడు మే నెలకల్లా 18లో 11 పట్టు వదిలేశాయి. స్క్రూ ఊరికే గిర్రున తిరుగుతుంది తప్ప బిగియదు. వెనక తలుపును కట్టుతీగతో కట్టి వేసవి గట్టెక్కించాం.

ఈసారి రేకులోనే శాశ్వతంగా నట్లు నిలబెట్టి, మామూలు బోల్టులతో తలుపులు బిగించాలి. ఎవరైనా ఇదే పని చేయబోతే నా చేతిలో పాడైనవి వాళ్ల చేతిలో పాడవకూడదని ఇది రాసిపెడుతున్నాను.

ముందుగా కొలతలు

కూలర్ చేసిన మేస్త్రి అప్పట్లో 22 గేజ్ రేకు అన్నాడు. గేజ్ అంటే రేకు మందానికి పెట్టిన నంబరు. గేజ్ మాటను నమ్మి ఏదీ కొనకండి. నంబరు ఒకటే అయినా పట్టికలు వేరు వేరు. బ్రిటిష్ పట్టికలో 22 అంటే 0.71 మి.మీ., అమెరికా వాళ్ల గాల్వనైజ్డ్ రేకు పట్టికలో అదే 22 అంటే 0.85. వెర్నియర్ పెట్టి మూడు చోట్ల కొలిస్తే నాకు 0.78, 0.80, 0.78 వచ్చాయి. ఇకపై 0.8 అనే రాస్తాను.

0.8 రేకుకు చిల్లు వేసి ట్యాప్‌తో మరలు కోస్తే సరిపోదా? పోదు. ఎం6 (అంటే 6 మి.మీ. లావు) బోల్టుకు మర పిచ్, అంటే పక్క పక్క మరల మధ్య దూరం, 1 మి.మీ. రేకు మందంలో పూర్తిగా ఒక్క చుట్టు కూడా పడదు. ఎం5 పిచ్ 0.8 కాబట్టి సరిగ్గా ఒక్క చుట్టు పడుతుంది. ఒక్క చుట్టు మీద ఏ బోల్టూ నిలవదు.

వెనక నట్ పెట్టి చేత్తో పట్టుకుందామా అంటే, కూలర్ మూల స్తంభాల రేకును పెట్టెలా మడిచేశారు. లోపలికి వేలు దూరదు. నట్‌ను వెల్డింగ్ చేయిస్తే చుట్టూ జింక్ పూత కాలిపోయి మరుసటి వానాకాలానికే తుప్పు మొదలవుతుంది. పైగా గాల్వనైజ్డ్ రేకు మీద వెల్డింగ్ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. కంపెనీల్లో రేకులోకి నొక్కి కూర్చోబెట్టే క్లించ్ నట్లు వాడతారు. వాటికి ప్రెస్సు కావాలి, అది మన ఇంట్లో లేదు.

మిగిలింది రివెట్ నట్. బయటి నుంచే చిల్లులో పెట్టి లాగితే వెనక ఒళ్లు ఉబ్బి, రేకును ముందూ వెనకా కరిచి పట్టుకునే గొట్టం లాంటి నట్ అది. 1930ల్లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ విమానం రెక్కల అంచుకు రబ్బరు తొడుగులు బిగించడానికి దీన్ని తయారుచేసింది. రెక్కల మీద మంచు పేరుకోకుండా ఆ తొడుగులు. ఎక్కడి మంచు, ఎక్కడి మన ఏప్రిల్ కూలరు! అయినా రెండు చోట్లా ఉన్న చిక్కు ఒకటే: రేకు వెనక్కి చెయ్యి పోదు.

ఎం5 నట్‌కు 7 మి.మీ. చిల్లు కావాలి, ఎం6కు 9. పాత చిరిగిన చిల్లులన్నీ కొలిస్తే చిన్నది 5.5, పెద్దది 7.6. ఎం5 అయితే కొన్ని చిల్లులు అప్పటికే దాటిపోయాయి. ఎం6 పెడితే 9 మి.మీ. చిల్లు పాత చిరుగునంతా మింగేస్తుంది. ఎం6 ఎంచుకోవడానికి కారణం ఇదొక్కటే. కూలర్ తలుపుకు అంత బలం అక్కర్లేదు.

దశ 1: కొనుగోలు

సికింద్రాబాద్‌లో ఇనప సామాన్ల బజారు రాణిగంజ్ వెళ్లాను. "రివెట్ నట్లు" అంటే కుర్రాడు రేకులు అతికించే పాప్ రివెట్లు తీశాడు. దాని ఇంకో పేరు "నట్సర్ట్" అన్నాక లోపల్నుంచి పెద్దాయన అడిగాడు: "ప్లేనా, గీతలదా అన్నా?" రెండు రూపాయలు తక్కువని ప్లేన్ అన్నాను. ఆ ప్రశ్న ఆయన ఎందుకు అడిగాడో నాకు మూడో ఆదివారం తెలిసింది.

అల్యూమినియం నట్లు కూడా చూపించాడు. చేతికి తేలిగ్గా ఉబ్బుతాయి గానీ మరలు మెత్తన, ఏటా విప్పే పనికి పనికిరావు. స్టెయిన్‌లెస్‌వి ఉబ్బించాలంటే చాలా బలం కావాలి. పైగా ఎప్పుడూ తడిగా ఉండే చోట స్టెయిన్‌లెస్‌ను ఆనుకున్న జింక్ పూత తొందరగా తినేసుకుపోతుంది. జింక్ పూత ఉన్న స్టీలు నట్లే తీసుకున్నాను. పెట్టె మీద ఒక కొలత తప్పకుండా చూడండి: ఎంత మందం రేకును పట్టగలదో. నావి 0.5 నుంచి 3.0 వరకు. మందం రేకుల కోసం చేసిన నట్ సన్న రేకులో ఎంత లాగినా వదులుగానే ఉంటుంది.

- ఎం6 స్టీలు నట్లు, ప్లేన్, 25: రూ. 125
- స్టెప్ డ్రిల్ బిట్లు (మెట్లు మెట్లుగా లావెక్కేవి), మూడింటి సెట్: రూ. 420
- ఎం6 మామూలు బోల్టులు, 50 మి.మీ., 4: రూ. 20

ఇప్పటివరకు ఖర్చు: రూ. 565. వాడిన నట్లు: 0.

దశ 2: చిల్లులు (మొదటి ఆదివారం, మొత్తం వృథా)

అదే మందం రేకు ముక్క ఒకటి పాత సామాన్ల కొట్టులో దొరికింది. కూలర్ మీద చెయ్యి వేసే ముందు దాని మీదే సాధన.

మొదట మామూలు 9 మి.మీ. డ్రిల్ బిట్‌తో వేశాను. సన్న రేకులో మామూలు బిట్ మొన రేకు దాటేసరికి పక్క అంచులు ఇంకా కోయడం మొదలెట్టవు. పట్టు లేక బిట్ అటూ ఇటూ ఊగుతుంది. చిల్లు గుండ్రంగా రాదు, మూడు మూలల సమోసాలా వస్తుంది. చివర్లో బిట్ రేకును పట్టేసి ముక్కనంతా గిర్రున తిప్పింది. బిగించి ఉండకపోతే వేళ్లు తెగేవి. రేకును చెక్కకు బిగించకుండా డ్రిల్ ఆన్ చేయకండి. డ్రిల్ చేసేటప్పుడు గుడ్డ చేతి తొడుగులు కూడా వద్దు, బిట్ లాగేస్తుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

తర్వాత స్టెప్ బిట్. తీరా చూస్తే సెట్‌లోని మూడింటికీ 2 మి.మీ. మెట్లు: 4, 6, 8, 10, 12. తొమ్మిది లేదు! 8 వరకు వేసి మిగతాది గుండ్రటి ఆకురాయితో అరగదీశాను. కంటికి బాగానే ఉంది. వెర్నియర్ పెడితే ఒకవైపు 9.4, అడ్డంగా 9.1. నట్ ఒళ్లు 8.9. అర మిల్లీమీటరే కదా అనుకుని మూడు నట్లు పెట్టాను. మూడూ ఉబ్బాయి, మూడూ బోల్టుతో పాటే తిరిగాయి.

మర్నాడు 1 మి.మీ. మెట్లున్న బిట్ విడిగా కొన్నాను: 4 నుంచి 12, తొమ్మిది మెట్లు. ధర రూ. 280. దాంతో వేసిన చిల్లు ఎటు కొలిచినా 9.05.

చిల్లు వేసే పద్ధతి, చివరికి కుదిరినది:

1. సెంటర్ పంచ్‌తో గుర్తు. పాత చిల్లు ఉంటే అదే గుర్తు.
2. వెనక చెక్క ముక్క, రెండు క్లాంపులు.
3. 10 మి.మీ. మెట్టు మీద మార్కర్‌తో ఎర్ర గీత.
4. చుక్క నూనె, డ్రిల్ అతి నిదానంగా.
5. 9 మెట్టు పూర్తిగా దిగగానే ఆపడం.
6. అంచున లేచిన ముళ్లను చేత్తో, పెద్ద డ్రిల్ బిట్ మొనతో రెండు తిప్పులు తిప్పి తీసేయడం. ఎక్కువ తిప్పితే అంచు పల్చబడుతుంది.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 845. వాడిన నట్లు: 3. పనికొచ్చినవి: 0.

దశ 3: లాగే పనిముట్టు (రెండో ఆదివారం)

రివెట్ నట్ గన్ కొంటే ఈ మొత్తం ఖర్చు రెట్టింపయ్యేది. 18 నట్లకు అంత ఎందుకని బోల్టు, నట్, వాషర్లు, ఇనప పట్టీతో చేశాను. పట్టీ 25 మి.మీ. వెడల్పు, 5 మందం, జానెడు పొడవు. మధ్యలో 6.5 చిల్లు.

బోల్టు తల వైపు నుంచి వరస ఇది: బోల్టు తల, నట్, గ్రీజు పూసిన రెండు వాషర్లు, పట్టీ, చివర రివెట్ నట్. బోల్టు తలను కదలకుండా పట్టుకుని మధ్య నట్‌ను గడియారం ముల్లు దిక్కున తిప్పితే అది పట్టీని రేకు వైపు నెడుతుంది, బోల్టు వెనక్కి వస్తుంది, రివెట్ నట్ ఒళ్లు నలిగి ఉబ్బుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు బోల్టు తలనే తిప్పడం. అలా తిప్పితే ఆ తిప్పుడంతా రివెట్ నట్ మరల్లోకి పోయి, ఉబ్బకముందే అది చిల్లులో తిరిగిపోతుంది.

మామూలు బోల్టుతో మొదటి నట్ సగం ఉబ్బింది. రెండో దానికి బోల్టు మరలు కోసుకుపోయి నట్‌లోనే ఇరుక్కుంది. హాక్సా బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతూ, "ఆ తీగేదో ఈ ఏడు కూడా కట్టుకుంటే గడిచిపోయేది కదరా" అన్నారు.

మార్పులు రెండు. బోల్టు స్థానంలో నల్ల అలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది), తల మీద 12.9 అని బలం గుర్తు ఉన్నది. మధ్య నట్ స్థానంలో పొడవాటి కప్లింగ్ నట్. మరలు ఎక్కువ కాబట్టి బలం పంచుకుంటుంది. అలెన్ కీ 5, పానా 10. నాలుగు బోల్టులు రూ. 48, రెండు కప్లింగ్ నట్లు రూ. 32.

ఎంత లాగాలో చేతికి తెలియదు. "గట్టిగా అనిపించేదాకా" అనే కొలతకు అర్థం లేదు. ఎం6లో ఉన్న సౌకర్యం ఏమిటంటే పిచ్ సరిగ్గా 1 మి.మీ. ఒక పూర్తి తిప్పు అంటే 1 మి.మీ. లాగినట్టు. కప్లింగ్ నట్ మీద ఒక ముఖానికి తెల్ల పెయింట్ చుక్క పెట్టి, వదులంతా పోయి పట్టీ ఆనిన క్షణం నుంచి లెక్కపెట్టాను.

- 2 తిప్పులు: నట్ చిల్లులో వేళ్లతోనే తిరుగుతోంది.
- 3 తిప్పులు: కదలదు. వెనక ఉబ్బు చుట్టూ సమంగా ఉంది. బోల్టు చేత్తోనే బయటికొచ్చింది.
- 4 తిప్పులు: నట్ గట్టిగానే ఉంది గానీ మరలు సాగి బోల్టు రావడానికి పానా కావాల్సి వచ్చింది. చుట్టూ రేకు గిన్నెలా గుంట పడింది.

మూడు ఖాయం. ఇది నా నట్లకూ నా రేకుకూ వచ్చిన లెక్క. మీ నట్ పొడవు వేరైతే రెండు మూడు నట్లు వృథా చేసి మీ అంకె మీరు కనుక్కోండి.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 925. వాడిన నట్లు: 8. పనికొచ్చినవి: 1.

దశ 4: తిరుగుడు పరీక్ష (మూడో ఆదివారం)

రేపు తుప్పు పట్టి బోల్టు బిగుసుకుంటే, దాన్ని విప్పేటప్పుడు నట్ రేకులో నిలుస్తుందా? ఇది తెలియకుండా కూలర్‌కు చిల్లు పెట్టదలచుకోలేదు. తిప్పే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ లేదు. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే చేతి తూకం ఉంది. రింగ్ పానాకు బోల్టు మధ్య నుంచి 12 సెం.మీ. దూరంలో కొక్కెం తగిలించి, పానాకు లంబంగా లాగి, నట్ తిరిగిన చోట అంకె రాసుకున్నాను.

- ఆకురాయి చిల్లు, ప్లేన్ నట్: 1.3 కిలోలు
- 9.05 చిల్లు, ప్లేన్ నట్: 3.6, 3.3
- 9.05 చిల్లు, ఒంటి మీద నిలువు గీతలున్న నట్: 6.4, 6.1

కిలోలను 9.81తో, ఆ తర్వాత 0.12తో గుణిస్తే తిప్పే బలం న్యూటన్ మీటర్లలో వస్తుంది. అంటే వరసగా సుమారు ఒకటిన్నర, నాలుగు, ఏడున్నర. ప్లేన్ నట్ కూడా తలుపు బిగించేంత వరకు సరిపోతుంది. కానీ మా బోరు నీళ్లకు కూలర్ లోపల తెల్లటి ఉప్పు పొర కడుతుంది. రెండేళ్లకు ఆ ఉప్పు బోల్టును పట్టేస్తే ప్లేన్ నట్ గెలవదు. రాణిగంజ్ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. గీతల నట్లు 30 తెచ్చాను, రూ. 210. మొహం గుర్తుపట్టి నవ్వాడు తప్ప ఏమీ అనలేదు.

ఇంకో సంగతి గమనించాలి. గుండ్రం కాని చిల్లు వల్ల రెండు కిలోలకు పైగా పట్టు పోయింది, ప్లేన్ నట్ వల్ల దాదాపు మూడు కిలోలు. రెండూ కలిస్తే నట్ ఉన్నా లేనట్టే.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,135. వాడిన నట్లు: 12 (ప్లేన్ 10, గీతలవి 2).

దశ 5: అసలు కూలర్ మీద (నాలుగో ఆదివారం)

శివరాత్రి దాటింది, మధ్యాహ్నాలు అప్పుడే మండుతున్నాయి, ఇక ఆగేది లేదు. ప్లగ్ తీసి, మోటారునూ పంపునూ ప్లాస్టిక్ సంచులతో కట్టేశాను. ఇనప రజను మోటారులో పడితే అది ఇంకో డైరీ అవుతుంది.

ఒక్కో నట్‌కు క్రమం:

1. పాత చిల్లును 9కి పెంచడం.
2. అంచుకు జింక్ పెయింట్ సన్నగా, పావుగంట ఆరడం. డబ్బా రూ. 240. కోసిన అంచున పూత ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.
3. నట్‌ను బోల్టుకు ఎక్కించి, చివర ఒక మర బయటికి కనిపించాక చిల్లులో పెట్టడం.
4. పట్టీని ఎడమచేత్తో రేకుకు అదిమి, నట్ నిటారుగా ఉందో లేదో చూడటం.
5. ఆనినప్పటి నుంచి మూడు తిప్పులు.
6. బోల్టు విప్పి, కొత్త బోల్టు వేళ్లతో నడుస్తుందో లేదో చూడటం.

నాలుగో అంకెకు మూడు చేతులు కావాలి. చివరికి పట్టీని స్తంభానికి క్లాంపుతో బిగించి నెట్టుకొచ్చాను. నట్‌కు నాలుగైదు నిమిషాలు పట్టింది, పెయింట్ ఆరడం కాకుండా. తొమ్మిది నట్ల తర్వాత అలెన్ బోల్టు మరలు గరుకుగా తగిలాయి, మార్చేశాను. ఆ బోల్టును ఖర్చయ్యే సరుకు కిందే లెక్కేయండి.

పాడైనవి రెండు:

ఆరో చిల్లు. అంచు నున్నగా చేద్దామని బిట్ 10 మెట్టును ఊరికే అలా ఆనించాను. 0.8 రేకుకు ఆ ఆనించడమే ఎక్కువ. బిట్ లోపలికి దూకి చిల్లు 10 అయింది. అయినా మొండిగా నట్ పెట్టాను. తిరిగింది. తిరిగే నట్‌ను తీయడం ఇంకో తలనొప్పి: పైఅంచుకు హాక్సా బ్లేడుతో గాటు పెట్టి, గాటులో స్క్రూడ్రైవర్ దూర్చి కదలకుండా పట్టుకుని, 8 బిట్‌తో నెమ్మదిగా పైఅంచును తెంపాను. మిగతా ఒళ్లు స్తంభంలో పడి గలగలలాడింది. స్టీలు కాబట్టి తీగకు కట్టిన అయస్కాంతంతో కింది చిల్లు దగ్గర పట్టాను. ఆ చోట పెద్ద వాషరు, పాప్ రివెట్ పెట్టి మూసేసి, 30 మి.మీ. పక్కన కొత్త చిల్లు.

పద్నాలుగోది ఒరిగిపోయింది. పట్టీ క్లాంపు వదులైతే చూసుకోలేదు. నట్ ఏటవాలుగా ఉబ్బింది, బోల్టు తలుపు చిల్లుకు రాదు. ఇది తిరగడం లేదు కాబట్టి తీయడం తేలికే. చిల్లు చెడలేదు, మళ్లీ అక్కడే కొత్తది పెట్టాను.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,375. వాడిన నట్లు: 32. కూలర్ మీద నిలిచినవి: 18.

దశ 6: తలుపులు (ఐదో ఆదివారం)

పని అయిపోయిందనుకున్న చోట రెండు కొత్త చిక్కులు.

ఒకటి. రివెట్ నట్ పైఅంచు మందం 1.5 మి.మీ. అంటే తలుపు ఇక రేకును ఆనదు, చుట్టూ 1.5 సందు. కూలర్ గాలిని గడ్డిలోంచి పీల్చాలి. సందు ఉంటే పొడిగాలి సందులోంచే వచ్చేస్తుంది. తలుపు చిల్లులను 14కు పెంచి పైఅంచు అందులో కూర్చునేలా చేద్దామా అనిపించింది. చేయకపోవడమే మంచిదైందని రెండో చిక్కు చెప్పింది.

రెండు. వెనక తలుపుకు రెండు చిల్లులను ఎప్పుడో ఎవరో 14 వెడల్పు గాడిలా కోసి ఉన్నారు. అక్కడ పెద్ద వాషర్ వేసి బోల్టు బిగిస్తే, నట్ పైఅంచు 13 కాబట్టి ఆ గాడిలోంచి బయటికి లాక్కొచ్చేసింది. బోల్టు బిగిసేకొద్దీ నట్‌ను రేకులోంచి పీకుతోంది, రేకు బొబ్బలా లేచింది. తలుపు చిల్లు ఎప్పుడూ నట్ పైఅంచు కంటే చిన్నదిగా ఉండాలి. తలుపు ఆ పైఅంచు మీద ఆనితే, బోల్టు ఎంత బిగించినా నట్ మీద పీకుడు పడదు. లేచిన రేకును వెనక చెక్క పెట్టలేక, ముందు నుంచే చెక్క ఆనించి సుత్తితో కొట్టి సర్ది, కొత్త నట్ పెట్టాను. రెండు గాడుల మీదా 7 మి.మీ. చిల్లున్న రేకు ముక్కలు పాప్ రివెట్లతో అతికించాను.

మొదటి చిక్కుకు తలుపులకు అంటించే 3 మి.మీ. ఫోమ్ పట్టీ చాలింది. నలిగి 1.5 అయ్యి సందు మూసుకుంది. వెలిగించిన అగరుబత్తిని అంచు చుట్టూ తిప్పి చూశాను. పొగ లోపలికి లాగిన చోట్ల రెండో పొర.

- ఫోమ్ పట్టీ: రూ. 120
- ఎం6 బోల్టులు, 20 మి.మీ., 18: రూ. 72
- పెద్ద వాషర్లు, 18: రూ. 36

మొత్తం ఖర్చు: రూ. 1,603. వాడిన నట్లు: 33. మిగిలినవి: ప్లేన్ 15, గీతలవి 7.

నెల తర్వాత

రోజూ పది గంటలు నడుస్తోంది. ఫ్యాను అదురుకు కుడి తలుపు కింది బోల్టులు రెండు వదులయ్యాయి. స్ప్రింగ్ వాషర్లు వేశాను. మరలు పట్టేసే జిగురు మందు వేయమని ఆఫీసులో ఒకరు చెప్పారు గానీ వేయను. రేపు విప్పేటప్పుడు జిగురు ఊడేలోపు నట్ రేకులో తిరిగితే మళ్లీ హాక్సా, గాటు, అయస్కాంతం. దానికి బదులు ప్రతి బోల్టుకూ గ్రీజు.

మధ్యలో పంపు ఒకసారి ఆగింది. తలుపు విప్పి, చెత్త తీసి, మళ్లీ బిగించడానికి తొమ్మిది నిమిషాలు. బొబ్బ లేచిన చోట పెట్టిన నట్‌ను తూకంతో మళ్లీ చూశాను. 2 కిలోలకు ఓ వెంట్రుకవాసి కదిలింది. దాని బోల్టు మీద ఎర్ర పెయింట్ చుక్క పెట్టాను. ఈ వేసవికి దాన్ని విప్పను, మిగతా ఐదూ చాలు. అక్టోబరులో కూలర్ కట్టేసేటప్పుడు అది తీసేసి, చిల్లు 11కు పెంచి ఎం8 గీతల నట్ పెట్టాలి. నట్‌తో పాటు లాగడానికి ఎం8 అలెన్ బోల్టు, కప్లింగ్ నట్, తలుపుకు ఎం8 బోల్టు కూడా కొనాలి. పట్టీలో 6.5 చిల్లును, తలుపు మీద ఆ చోట 7 చిల్లును 8.5 చేయాలి. తిప్పుల లెక్క కూడా మళ్లీ కొత్తగా చూసుకోవాలి, ఎం8 పిచ్ 1.25.